ముక్కలు తీసేసి గ్రేవీ వేసుకోమంటోంది అమ్మ

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్ళు, కాలేజీలో చదువుతున్నాను. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, తమ్ముడు, నేను. మాంసం లేకపోతే ముద్ద దిగని ఇల్లు మాది. నాలుగు నెలల క్రితం సిగ్నల్ దగ్గర ఒక లారీ నిండా బోనుల్లో కుక్కిన కోళ్ళను పక్కనే నిలబడి చూశాను. ఆ రోజు నుంచి మాంసం, చేప మానేశాను. పాలు, గుడ్డు తీసుకుంటాను. చెప్పిన రోజు అందరూ నవ్వారు, వారం తర్వాత గొడవ మొదలైంది. అమ్మేమో "నీ ఒక్కదానికి ఇంకో కూర ఎక్కడ చేసేది, ముక్కలు తీసేసి గ్రేవీ వేసుకో" అంటుంది, వేసుకోకపోతే ఏడుస్తుంది. నాన్న భోజనం దగ్గర నాతో మాట్లాడటం మానేశారు. తమ్ముడు నా కంచంలో ముక్క పడేసి నవ్వుతాడు. నానమ్మ ఒకసారి నాకు తెలియకుండా కూరగాయల సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్ళు కలిపింది, నేను తాగేశాక చెప్పింది. గొడవెందుకని పెరుగన్నం తినేసి లేచిపోతున్నాను. ఐదు కిలోలు తగ్గాను. జుట్టు బాగా రాలుతోంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. "చూశావా, మానేస్తే ఇంతే" అంటున్నారు. మాంసం తింటే క్యాన్సర్ వస్తుందని ఫ్యామిలీ గ్రూపులో పెడితే నాన్నకి ఇంకా కోపం వచ్చింది. వీళ్ళని ఎలా ఒప్పించాలి? అసలు ఇంట్లో వండటమే మానేయమని అడగొచ్చా? ఇంకో మాట, ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల వాసనకి ఆగలేక వంటింట్లో ఒక ముక్క తినేశాను.
— ఒక చెల్లెలు

జవాబు:

చెల్లీ, ముందు నీ ఒంటి సంగతి చెప్పి తర్వాత ఇంట్లో గొడవకి వస్తాను, ఎందుకంటే నువ్వు అనుకుంటున్నట్టు ఆ రెండూ వేరువేరు కాదు. నువ్వు చిక్కిపోతున్నంతకాలం ఇంట్లో నీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. అందులో వాళ్ళని తప్పు పట్టలేం కూడా. కూతురు కళ్ళముందు ఐదు కిలోలు తగ్గిపోతుంటే ఏ తల్లికైనా ఆ ముఖమే కనిపిస్తుంది గానీ నువ్వు చూసిన లారీ కనిపించదు కదా.

నీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఏంటంటే, నువ్వు మాంసం తీసేశావు, ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. ఒకసారి లెక్క వేద్దాం. ఇప్పుడు నీ బరువు 50 కిలోలు అనుకుందాం. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే నీకు 42 గ్రాముల దాకా అవసరం. రోజంతా కలిపి 200 గ్రాముల బియ్యం వండుకుని తిన్నావనుకో, దాన్నుంచి వచ్చేది 14 గ్రాములు. పెద్ద కప్పు పెరుగు వేసుకుంటే ఇంకో 6, 7 గ్రాములు. అంటే సగం దగ్గరే ఆగిపోయావు, పైగా మొత్తం కేలరీలు కూడా వెయ్యికి చేరవు. 20 ఏళ్ళ అమ్మాయికి అందులో రెట్టింపు దాకా కావాలి. ఒంటికి ఇలా ఉన్నట్టుండి తిండి తగ్గితే రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుత్తులుగా రాలడం మొదలవుతుంది. గట్టిగా డైటింగ్ చేసినవాళ్ళకీ, పెద్ద జ్వరం పడి లేచినవాళ్ళకీ కూడా ఇలాగే అవుతుంది. తిండి సర్దుకున్నాక మెల్లగా మళ్ళీ వస్తుంది, కాబట్టి జుట్టు గురించి మరీ టెన్షన్ పడకు. కళ్ళు తిరగడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నెలనెలా రక్తం పోయే ఆడపిల్లల్లో ఇనుము తగ్గడం చాలా మామూలు, మాంసం తినేవాళ్ళలో కూడా. అది పరీక్ష చేయిస్తేనే తేలుతుంది. తేలకుండా షాపులో ఐరన్ మాత్రలు కొని వేసుకోవడం మంచిది కాదు.

మరి ఏం పెట్టాలి? మాంసం ఉన్న చోట పప్పుధాన్యాలు రావాలి, అది కూడా చారెడు కాదు, బాగా రావాలి. కందులు, పెసలు, శనగలు, బఠానీలు, రాజ్మా, సోయా, నీకు ఏది దొరికితే అది. ఎండు పప్పుల్లో నూటికి 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, సోయాబీన్స్‌లో 36 దాకా ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడేది నీళ్ళ దగ్గర. ఉడికాక అదే పప్పు నూటికి 8, 9 గ్రాములే, మిగతాది నీళ్ళు. పల్చటి పప్పు రెండు గరిటెలు పోసుకుని ప్రొటీన్ తిన్నామనుకుంటే ఎలా? రోజుకి ఎండువి 80 గ్రాములు కొలిచి నానబెట్టుకో, దాంట్లోనే 18, 19 గ్రాములు వచ్చేస్తాయి. పాలూ పెరుగూ కలిపి రెండు గ్లాసులైతే ఇంకో 13. ఒక గుడ్డు 6. గుప్పెడు వేరుశనగలు 7. అన్నమో రొట్టెలో ఎలాగూ తింటావు, దాంట్లో ఇంకో 15 దాకా. నీకు కావలసినదాని కన్నా ఎక్కువే అయింది చూడు. గింజధాన్యాల్లో లైసిన్ అనే భాగం తక్కువ, పప్పుల్లో అది బాగా ఉంటుంది, అందుకే రెండూ తింటే లోటు పూడుతుంది. రెండూ ఒకే కంచంలో, ఒకే పూట ఉండి తీరాలని ఒకప్పుడు చెప్పేవారు, అదేం అక్కర్లేదు, రోజు మొత్తంలో పడితే చాలు. మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉంటుంది, కాబట్టి ఒకేసారి పెంచకుండా కొద్దికొద్దిగా పెంచు, నానబెట్టిన నీళ్ళు పారబోసి మెత్తగా ఉడికించు, కొన్ని వారాల్లో అలవాటైపోతుంది.

ఇనుము విషయంలో ఒక తేడా తెలుసుకో. మాంసంలో ఉండే ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండేది అంత సులువుగా పట్టదు, పక్కన ఏం ఉందో దాన్నిబట్టి ఎక్కువా తక్కువా అవుతుంది. నిమ్మరసం పిండుకున్నా, టమాటానో నారింజో జామో తిన్నా విటమిన్ సి వల్ల బాగా పడుతుంది. భోజనం చేసి వెంటనే టీ, కాఫీ తాగితే పట్టేది కూడా పట్టకుండా పోతుంది. ఓ గంట ఆగి తాగు. మొలకెత్తించినా, పులియబెట్టినా, నానబెట్టినా కూడా ఇనుమును అడ్డుకునే పదార్థాలు తగ్గుతాయి.

ఇంక బి12. ఇది మొక్కల్లో దొరకదు, అంతే. స్పిరులినా అనే నాచు పొడిలో ఉందని ఎవరైనా చెబితే నమ్మకు, అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రకం. రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములు. గ్లాసు పాలలో ఒకటి దాకా ఉంటుంది, గుడ్డులో అర. నువ్వు రోజూ రెండు గ్లాసుల పాలూ పెరుగూ, ఒక గుడ్డూ వదలకుండా తీసుకుంటే దాదాపు సరిపోతుంది, వదిలేస్తే సరిపోదు. మన కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు, అదే దీనితో చిక్కు. ఏడాది బాగున్నాను, రెండేళ్ళు బాగున్నాను అనుకుంటూ ఉంటారు, తర్వాత అరికాళ్ళలో, వేళ్ళ చివర్లలో తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట. ఆకుకూరలు బాగా తినేవాళ్ళలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వాటిలో ఉండే ఫోలేట్ అనే విటమిన్ వల్ల, బి12 లోటు ఉన్నా రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ఏడాదికోసారి పరీక్ష చేయించుకో. ఎప్పుడైనా పాలూ గుడ్లూ కూడా మానేస్తే ఆ రోజు నుంచే బి12 మాత్ర మొదలుపెట్టాలి, ఇందులో ఇంకో దారి లేదు. ఆ మందును సూక్ష్మజీవుల్ని పెంచి తయారుచేస్తారు కాబట్టి నీకు అభ్యంతరం ఉండదు. క్యాప్సూల్ పైపొర మాత్రం చాలావాటికి జంతువుల నుంచి తీసిన జెలటిన్‌తో ఉంటుంది. క్యాప్సూల్స్ కాకుండా బిళ్ళలు అడుగు.

సరే, ఇప్పుడు అమ్మ దగ్గరికి.

"నీ ఒక్కదానికి ఇంకో కూర ఎక్కడ చేసేది" అని అమ్మ అన్న మాట నువ్వు గొడవలో భాగంగా రాశావు. నాకైతే నీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా న్యాయమైన మాట అదే అనిపించింది. నిర్ణయం నీది, పని ఆవిడకి. ఈ నాలుగు నెలల్లో నువ్వు ఒక్క పూటైనా వంట చేసుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. రష్యన్ రచయిత టాల్‌స్టాయ్ ఇంట్లోనూ ఇదే గొడవ. ఆయన 1880ల్లో, యాభై దాటాక మాంసం మానేశాడు. కూతుళ్ళు కూడా ఆయన దారి పట్టారు. భార్య సోఫియా పట్టలేదు. రోజూ రెండు రకాల వంట అంటే ఖర్చు రెట్టింపు, పని రెట్టింపు అని ఆవిడ రాసుకుంది, పైగా ఆయన ఆరోగ్యం ఏమైపోతుందోనని దిగులు. వంటవాళ్ళున్న అంత పెద్ద ఇంట్లోనే ఇల్లాలికి ఇది భారమైందంటే, ఐదుగురికి ఒక్క చేత్తో వండి వార్చే మీ అమ్మ సంగతి ఆలోచించు. నీ మనసుకి తోచిన మంచిపనికి అయ్యే చాకిరీ అమ్మ నెత్తిన పడుతున్నంతకాలం ఆవిడ దాన్ని మంచిపని అనుకోదు, నేనైనా అనుకోను.

కాబట్టి రేపటి నుంచి వంటింట్లోకి వెళ్ళు. "నా కూర నేను చేసుకుంటా" అని వేరే పొయ్యి ముట్టించినట్టు చెప్పొద్దు, అది ఇంకా నొప్పి. "అమ్మా, నీ చేతి రుచి నాకు కావాలి, మసాలా ఎలా వేస్తావో చూపించు" అని అడుగు. ఇది మాయమాట కాదు, నిజంగానే నీకు ఆ రుచి కావాలి, లేకపోతే వాసనకి ఆగలేకపోయేదానివి కాదు. మాంసం కూర అని మనం అనుకునేదాంట్లో సగం రుచి వేగిన ఉల్లిపాయది, అల్లం వెల్లుల్లిది, టమాటాది, మసాలాదీను. అవన్నీ వేగి నూనె పైకి తేలేదాకా ఇద్దరి కూరా ఒక్కటే. ఆ క్షణంలో, మాంసం ఇంకా పడకముందు, నీ వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసేసుకో. అందులో ముందే ఉడికించి పెట్టుకున్న శనగలో, సోయా ముక్కలో, పుట్టగొడుగులో, బంగాళాదుంపో వేసి పక్క పొయ్యి మీద పెట్టు, నీ కూర అయిపోతుంది. శనగల్లాంటివి రాత్రి నానబెట్టి పొద్దున్నే ఉడికించుకోవడం నీ పని, అమ్మకి గుర్తుచేసే అవసరం కూడా రాకూడదు. అమ్మకి పెరిగిన పని ఏమైనా ఉంటే ఆ చిన్న గిన్నె కడగడం, అదీ నువ్వే కడుగు. వారంలో రెండు పూటలు అందరికీ నువ్వే వండు. ఒక కూర మాంసం లేకుండా బాగా కుదిరితే ఎవరూ అడక్కుండానే రెండోసారి వడ్డించుకుంటారు. వడ్డించుకున్నప్పుడు "చూశారా" అనొద్దు, దయచేసి.

గ్రేవీ సంగతి. ముక్కలు తీసేసిన గ్రేవీ మాంసం కూరే, అందులో రసం అంతా దిగి ఉంటుంది. నీకు వద్దనిపిస్తే వద్దని చెప్పే హక్కు నీకుంది. కానీ అమ్మ ఆ మాట ఎందుకు అంటోందో కూడా చూడు, ఆవిడ నిన్ను మోసం చేయాలని అనట్లేదు, నువ్వు కొంచెమైనా తినాలి, తనకి పని పెరగకూడదు, ఈ రెండింటికీ మధ్య ఆవిడకి దొరికిన దారి అది. గిన్నెలో వేళ్ళు పెట్టి ముక్కలు ఒక్కొక్కటీ ఏరి నీ కంచంలో గ్రేవీ పోస్తున్నప్పుడు నీ మీద ప్రేమతోనే పోస్తోంది. అందుకని "ఛీ" అని కంచం జరపకు. "ఇది కూడా నాకు వద్దమ్మా, నా గిన్నె అక్కడుంది" అను. ఎన్నిసార్లైనా అదే మాట అదే గొంతుతో చెప్పు.

నీ హద్దు ఎక్కడో నువ్వే ముందు స్పష్టంగా తేల్చుకో, ఎందుకంటే ఇంట్లోవాళ్ళకి నిజంగానే తెలియదు. గుడ్డు పర్వాలేదు, గ్రేవీ వద్దు, సరే. మాంసం వేయించిన నూనెలో వేయించిన బంగాళాదుంప? అదే గరిటె? కడిగిన అదే బాణలి? సూప్ పొడుల్లో, ఇన్‌స్టంట్ నూడుల్స్ మసాలాలో కోడిమాంసం పొడి ఉండొచ్చు, కొన్ని జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, కొన్ని రకాల చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో గడ్డకట్టిస్తారు. ఇవన్నీ ఒకేరోజు పట్టుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్ళకి పిచ్చెక్కుతుంది. నా సలహా అడిగితే, కడిగిన బాణలి దగ్గర పట్టుబట్టకు, గరిటె మాత్రం వేరు పెట్టుకో. మా ఇంట్లో నేను తినను, మా ఆయనా పిల్లలూ తింటారు. గరిటెలు అన్నీ ఒకేలా ఉన్నాయని నా గరిటె పిడికి ఎర్ర దారం చుట్టి పెట్టాను, ఎవరు వడ్డించినా దాన్ని ఆ కూరలో ముంచరు. కత్తిపీట, కోసే చెక్క విషయం వేరు. పచ్చిమాంసం కోసిన చెక్క మీద పచ్చికూరలు కోయడం తినేవాళ్ళకీ మంచిది కాదు, దాన్నుంచి జబ్బులు వస్తాయి, కోడిని కుళాయి కింద కడిగితే చిందే నీళ్ళతో కూడా క్రిములు చుట్టూ పడతాయి. కాబట్టి వేరే చెక్క అందరి ఆరోగ్యం కోసం అని చెప్పు, మీరు తినేది మురికి అన్నట్టు వాళ్ళకి అనిపించకూడదు. ఈ ఒక్క భావం ఇంట్లో పుట్టిందంటే తర్వాత ఎంత చెప్పినా సర్దుకోదు.

నానమ్మ చేసింది తప్పు. ఇందులో నేను పూర్తిగా నీ వైపు. ప్రేమతో చేసినా, పెద్దావిడైనా, ఒక మనిషి వద్దన్నదాన్ని తెలియకుండా కడుపులోకి పంపడం తప్పే. కోపంగా కాకుండా, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చుని చెప్పు. "నానమ్మా, నువ్వు అడిగితే వద్దంటాను, అంతే కదా. చెప్పకుండా కలిపితే ఇంక నువ్వు ఏం పెట్టినా నాకు అనుమానం వస్తుంది. నీ చేతి ముద్ద తినాలంటే భయపడే రోజు నాకు రాకూడదు." ఈ మాట ఏ నానమ్మకైనా తగులుతుంది. ఆ సూప్ తాగినందుకు నువ్వేం బాధపడకు, తెలియక తాగినదానికి నీ బాధ్యత లేదు. ఆవిడకి నీ కోసం ఏదైనా చేయాలని ఉంటే ఆ పని నువ్వే చూపించు, శనగలు నానబెట్టమను, మొలకలు కట్టమను.

తమ్ముడితో పెద్దగా ఏం లేదు. నువ్వు అరిచేకొద్దీ వాడికి సరదా. ఇంకోసారి ముక్క పడితే ఏమీ అనకుండా కంచం వాడి ముందు పెట్టేసి వేరే కంచం తెచ్చుకో. విడిగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కసారి సీరియస్‌గా చెప్పు, నవ్వకుండా.

నాన్న విషయం కొంచెం నిదానంగా చూడాలి. ఆయన మాట్లాడటం మానేసింది నువ్వు మాంసం మానేసినందుకు అని నువ్వు అనుకుంటున్నావు. క్యాన్సర్ మెసేజ్ పెట్టాక కోపం పెరిగిందని నువ్వే రాశావు, అక్కడే ఉంది విషయం. ఇన్నేళ్ళూ కష్టపడి తెచ్చి, ఇష్టంగా పెట్టిన తిండిని విషం అన్నట్టు నలుగురి ముందు పెడితే ఎవరికైనా మండుతుంది. పైగా ఆ మెసేజ్‌లో సగమే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది ఇదీ: సాసేజ్, బేకన్, హామ్ లాంటి నిల్వ చేసిన మాంసం క్యాన్సర్ కారకమే, మేక, గొర్రె, పశువు, పంది మాంసం బహుశా కారకం కావచ్చు. నిల్వ చేయని కోడి, చేప ఆ వర్గీకరణలో లేనే లేవు. నిల్వ మాంసాన్ని సిగరెట్‌తో పాటు ఒకే గ్రూపులో పెట్టింది నిజమే, అది రుజువు ఎంత గట్టిగా ఉందో చెప్పే గ్రూపు, రెండూ సమానంగా ప్రమాదం అని దాని అర్థం కాదు. రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ అంచనా. ఇంత వివరం నీ మెసేజ్‌లో ఉండి ఉండదు. ఇంక అలాంటివి పంపకు. నువ్వు మానేసింది క్యాన్సర్ భయంతో కాదు, ఆ కోళ్ళను చూసి. నీ అసలు కారణం వదిలేసి అరువు కారణంతో వాదిస్తే ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది.

నాన్నతో మాట్లాడేది భోజనం దగ్గర కాదు. బండి మీద వెళ్తున్నప్పుడో, సాయంత్రం ఊరికే కూర్చున్నప్పుడో. లారీ సంగతి చెప్పావా ఎప్పుడైనా? చెప్పలేదని నా అనుమానం. అది చెప్పు. "నాన్నా, ఆ రోజు అది చూశాక నాకు తినబుద్ధి కావట్లేదు. మీరు తినొద్దని అనట్లేదు. ఒళ్ళు పాడుచేసుకోను, టెస్టులు చేయించుకుంటా, ఏం తింటున్నానో మీరే చూడండి. మీరు నాతో మాట్లాడకపోతే నాకు ముద్ద దిగట్లేదు." ఇంతే, చెప్పేసి ఊరుకో. ఆయన వెంటనే సరే అనరు. అనక్కర్లేదు కూడా. కుటుంబాన్ని ఒప్పించడం అని నువ్వు రాశావు గానీ నీకు వాళ్ళ ఒప్పుకోలు అవసరం లేదు, వాళ్ళు నీ కంచం జోలికి రాకుండా ఉంటే చాలు. ఆ రెండిటికీ చాలా తేడా ఉంది, రెండోది దొరకడం సులువు.

అందరూ తింటున్నప్పుడు గదిలోకి వెళ్ళిపోకు. వండేటప్పుడు వాసన భరించలేకపోతే బయటికి వెళ్ళు, తినేవేళకి మాత్రం వచ్చి కూర్చో. ముక్కు మూసుకోకు, ముఖం చిట్లించకు, వాళ్ళ కంచాల వంక చూడకు. వాళ్ళు నిన్ను కోల్పోతున్నాం అనుకునేది నీ కంచంలో మాంసం లేనందుకు కాదు, నీ కుర్చీ ఖాళీగా ఉన్నందుకు. పెరుగన్నం తినేసి లేచిపోతున్నానని రాశావు చూడు, గొడవ తప్పించుకోడానికి నువ్వు చేసిన ఆ పనే గొడవని పెంచింది, ఒంటిని కూడా దెబ్బతీసింది.

ఇంట్లో వండటమే మానేయమని అడగొచ్చా అంటే, వద్దు. ఆ ఇల్లు వాళ్ళది కూడా, నీకన్నా ముందు నుంచీ. నీ కంచం మీద నీకెంత హక్కుందో వాళ్ళ కంచం మీద వాళ్ళకీ అంతే. రేపు నువ్వు సంపాదించుకుని వేరే ఉంటే ఆ వంటింట్లో ఏం వండాలో నువ్వే చెప్పొచ్చు. ఈలోగా నువ్వు చేయలేని పనులేంటో మాత్రం చెప్పు. పచ్చిమాంసం కడగడం, కోయడం నీ వల్ల కాకపోతే ఆ పని తమ్ముడికిచ్చి వాడు చేసే వేరే పని నువ్వు తీసుకో. అంట్లు తోమడం అడుగుతాడేమో, ఒప్పుకో.

ఆ ఒక్క ముక్క గురించి. ఏం కాదు. 20 ఏళ్ళు తిన్న రుచి నాలుక ఎలా మర్చిపోతుంది? పొద్దుట నుంచి సగం కడుపుతో ఉన్నదానివి, వాసన వచ్చింది, తిన్నావు. అది నీ మనసు మారిందనడానికి గుర్తు కాదు, నీకు ఆకలేస్తోంది అనడానికి గుర్తు. మర్నాటి నుంచి మళ్ళీ తినలేదుగా. దాన్ని ఇంట్లో ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. కడుపు నిండా తినడం మొదలుపెట్టు, ఆ లాగుడు చాలావరకు తగ్గుతుంది.

ఇంక ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏం తింటున్నావో, ఎంత తగ్గావో, నెలసరి ఎలా ఉందో దాచకుండా చెప్పు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, విటమిన్ డి, థైరాయిడ్ చూస్తారా అని అడుగు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ తగ్గిపోయి ఉండొచ్చు, అందుకే ఆ రెండూ కలిపి చూడాలి. ఒక్కదానివే వెళ్ళకు, నాన్నని తోడు రమ్మను. శాకాహారం సరిపోతుందా అని ఆయనకున్న సందేహాలు ఆయన్నే డాక్టరుని అడగనివ్వు, నువ్వు మధ్యలో మాట్లాడకు. సరిగ్గా ప్లాన్ చేసుకుని తింటే శాకాహారం ఆరోగ్యానికి సరిపోతుందని అమెరికాలోని ఆహార నిపుణుల సంఘం 2016లో రాతపూర్వకంగానే చెప్పింది, కానీ అది నీ నోటి నుంచి వినడం కన్నా డాక్టరు నోటి నుంచి వింటే నాన్నకి నమ్మకం. రిపోర్టులో ఏదైనా తక్కువుంటే దాచిపెట్టకు, నాన్న చేతికే ఇవ్వు, మందులు ఆయన్నే తెచ్చిపెట్టమను. మూడు నెలల తర్వాత మళ్ళీ టెస్ట్ చేయించి ఆ కాగితం కూడా ఆయనకే చూపించు.